తుప్పలు కొట్టించిన పెరట్లో పండ్ల మొక్కలు నిలవడం లేదా?

ఏళ్ల తరబడి వదిలేసిన స్థలాన్ని జేసీబీతో ఒక్క పూటలో చదును చేయించి తొలకరికి మొక్కలు పెట్టేస్తే, ఆ ఏడాదే తిప్పలు మొదలవుతాయి. చాలావరకు తప్పు మొక్కది కాదు. పైన శుభ్రమైన నేల కింద అలాగే ఉండిపోవడం వల్ల వచ్చేదే.

కొట్టేసిన సర్కారు తుమ్మ మళ్లీ గుబురుగా లేస్తోంది

కారణం: కాండం, వేరు కలిసే చోట, మట్టి కిందే మొగ్గలుంటాయి. పైన నరికిన కొద్దీ అవి చిగురిస్తాయి.

పరిష్కారం: వాన పడి నేల మెత్తబడ్డాక మోడు చుట్టూ తవ్వి, అడుగు లోతున తల్లివేరు తెగ్గొట్టి, పై మొద్దును బయటికి తీసేయండి. గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికుంటాయి కాబట్టి, ప్రతి వాన తర్వాతా జానెడు లోపున్న మొలకలను వేరుతో సహా పీకాలి. తుమ్మకాయలు తిన్న మేకల పెంటలో కూడా గింజలు చావవు. మాగని పెంట తెచ్చి వేస్తే తుమ్మను మీరే చల్లుకున్నట్టు.

రోటవేటర్ వేయించాక తుంగ రెట్టింపైంది

కారణం: తుంగ గడ్డలు గొలుసులా అల్లుకుని ఉంటాయి. గొలుసు తెగితే అప్పటిదాకా నిద్రపోతున్న గడ్డలూ మొలకెత్తుతాయి.

పరిష్కారం: ఏప్రిల్, మే నెలల్లో లోతుగా తిరగేసి, నీళ్లు పెట్టకుండా రెండు మూడు వారాలు ఎండనిచ్చి, పైకి తేలిన గడ్డలను ఏరేయండి. వానలు పడగానే మొక్కల వరసల మధ్య జనుము ఒత్తుగా చల్లండి. తుంగ నీడకు ఓర్వదు. పూత దశలో జనుమును మట్టిలో కలిపేస్తే ఎరువూ అవుతుంది. ప్లాస్టిక్ షీటు మీద డబ్బు పోయకండి, తుంగ మొలక దాన్ని పొడుచుకుని వస్తుంది.

మామిడి అంటు వాడిపోయింది, మొదలు దగ్గర బెరడు మీద మట్టి పొర ఉంది

కారణం: చెదలు. నేలలో వదిలేసిన పాత మోళ్లు, వేర్ల ముక్కలు, మాగని పేడ వాటిని పిలుస్తాయి. నేల ఎండిపోతే లేత మొక్క మీద పడతాయి.

పరిష్కారం: గుంత చుట్టూ మూడడుగుల మేర చెక్క ముక్క మిగలకుండా ఏరండి. గుంతకు బాగా మాగిన పశువుల ఎరువు 20 కిలోలు, వేపపిండి 1 కిలో కలపండి. ఎరువు మాగిందో లేదో పిడికిట్లో నలిపి చూడండి: పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు, వేడి తగలకూడదు. ఎండుటాకులు కప్పినా మొదలుకు జానెడు దూరం వదలండి.

జామ, నిమ్మ బతికే ఉన్నాయి గానీ ఎదగడం లేదు

కారణం: జేసీబీ తుప్పలతో పాటు పైమట్టిని కూడా గట్టుకు నెట్టేసింది. మొక్కలు మొరంలో ఉన్నాయి.

పరిష్కారం: గట్టు మీది కుప్పలోంచి నల్లటి మట్టిని జల్లించి వెనక్కి తెచ్చుకోండి. జామ, నిమ్మకు రెండడుగులు, మామిడికి మూడడుగుల గుంతలు (పొడవు, వెడల్పు, లోతు అంతే) ఎండాకాలంలోనే తీసి, ఆ మట్టి, మాగిన ఎరువుతో నింపండి. కొమ్మలు, ఎండుటాకులు గుంతలో పూడ్చకండి. కుళ్లేటప్పుడు అవే నత్రజనిని లాక్కుని మొక్కను పసుపు పచ్చగా మార్చేస్తాయి.

బొప్పాయి మొదలు కుళ్లి ఒరిగిపోతోంది

జేసీబీ చక్రాలు అణగదొక్కిన చోట నీరు నిలుస్తుంది, బొప్పాయి ఒక్కరోజు కూడా ఓర్చుకోదు. అడుగు ఎత్తు మట్టి కట్ట మీదే నాటి, పక్కన కాలువ తీయండి. కుళ్లు మొదలైతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు తడిసేలా పోయండి. కాండం చుట్టూ మెత్తబడిన మొక్కను మాత్రం పీకేసి దూరంగా పారేయండి.