మిక్సీ మోతకి మంచం కిందకి దూరే కుక్కపిల్ల: నా అనుభవం

మా కుక్కపిల్ల ఇంటికొచ్చేనాటికి దానికి 9 వారాలు. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు మిక్సీ వేయగానే మంచం కిందకి దూరి, తోక కాళ్ల మధ్య ముడుచుకుని గంటసేపు బయటికి రాలేదు. నేను చేసిన పెద్ద తప్పు, దాన్ని లాగి మిక్సీ దగ్గరికే తీసుకెళ్లి "చూడు, ఏం కాదు" అని చూపించడం. దాంతో నన్ను చూసినా వణకడం మొదలెట్టింది, ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత పద్ధతి మార్చాను. మిక్సీ మోతని ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినపడనంత తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, శబ్దం మొదలవగానే గోరంత చికెన్ ముక్క ఇచ్చేదాన్ని, శబ్దం ఆగగానే తిండి కూడా ఆపేసేదాన్ని. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 2 నిమిషాలు, అంతే. చెవులు వెనక్కి వాల్చినా, మూతి నాక్కుంటున్నా, ఊరికే ఆవలిస్తున్నా టెన్షన్ పడుతోందేమో అని వెంటనే వాల్యూమ్ తగ్గించేదాన్ని. పదో రోజుకి శబ్దం వినగానే నా చేతి వైపు చూసింది! అప్పుడు పక్క గదిలో, తలుపు మూసి, అసలు మిక్సీ వేయించాం.

చుట్టాలొచ్చినప్పుడూ అంతే, ఎవరూ ఎత్తుకోవద్దు, అదే వచ్చి వాసన చూడాలి అన్నాను. కొందరికి కోపమొచ్చింది, అయినా నేను తగ్గలేదు. టీకాలన్నీ అయ్యాకే బయటి ప్రపంచం చూపిద్దాం అని మాత్రం ఆగకండి, కుక్కపిల్లలు సుమారు 3 నుంచి 14 వారాల వయసులోనే కొత్తవాటికి తేలిగ్గా అలవాటుపడతాయి. నేనైతే కింద దించకుండా చేతుల్లో ఎత్తుకుని బళ్లు, పిల్లలు, గొడుగులు అన్నీ చూపించాను.

ఇప్పుడు మిక్సీ తిరుగుతుంటే వంటింటి గుమ్మంలోనే పడుకుని నిద్రపోతోంది.