వాక్య రకాలు, విరామ చిహ్నాలు: అట్టముక్కలతో ఎలా నేర్పాలి?

నాలుగు, ఐదు తరగతుల పిల్లలు నిర్వచనాలు బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు. సొంతంగా రాసినప్పుడు మాత్రం చుక్క కూడా పెట్టరు. తెలుగులో వాక్యం ఏ రకమో చాలావరకు చివరి క్రియే చెబుతుంది. అందుకే ముందు క్రియ, తర్వాతే చిహ్నం.

ఐదుగురికో జట్టు కట్టండి. పాత క్యాలెండర్ అట్టలను ముక్కలుగా కత్తిరించి, జట్టుకు ఏడు పదాలు నల్ల స్కెచ్‌తో రాసివ్వండి: రవి, రవీ, బడికి, వచ్చాడు, వచ్చాడా, రా, రావద్దు. చుక్క, కామా, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం ఎర్ర స్కెచ్‌తో వేసి మీ దగ్గరే ఉంచుకోండి.

1. పిల్లలు వాక్యం పేర్చి, గట్టిగా చదివాకే ఎర్రముక్క అడగాలి. "రవి బడికి వచ్చాడా?", "రవీ, బడికి రావద్దు." అని పేర్చేటప్పుడు ప్రశ్న, నిషేధం క్రియలోనే కనిపిస్తాయి. "రవి బడికి వచ్చాడు" మాత్రం చుక్కతో ఒకలా, ఆశ్చర్యార్థకంతో ఒకలా చదివించండి.

2. ఇప్పుడు తికమకపెట్టే వాక్యాలు ఇవ్వండి. "ఎవరు వచ్చారో తెలియదు" అన్నచోట 'ఎవరు' కనబడగానే సగం తరగతి ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. "ఎంత బాగుందో", "నేను వచ్చా" కూడా అంతే. తప్పని చెప్పకండి. ప్రశ్న అడుగుతున్నట్టే చదవమనండి, నప్పలేదని వాళ్ళకే తెలుస్తుంది. ఈ మెట్టుకు ఒక పీరియడంతా ఇచ్చినా ఎక్కువ కాదు.

3. కామా నేర్పడానికి ఒక తాడు కట్టి, ముక్కలను బట్టల క్లిప్పులతో తగిలించండి. "రాణి అక్క వచ్చింది" అంటే వచ్చింది ఒక్కరే: రాణి వాళ్ళ అక్క, లేదా రాణి అనే అక్క. "రాణి, అక్క వచ్చారు" అంటే ఇద్దరు. "రాణీ, అక్క వచ్చింది" అంటే రాణిని పిలిచి చెబుతున్నాం. వచ్చినవాళ్ళను పిల్లల చేతే నటింపజేయండి.

4. "రవి అన్నం తిన్నాడు. రవి బడికి వెళ్ళాడు." తాడుకు తగిలించి, 'తిన్నాడు' తీసి 'తిని' పెట్టండి. మొదటి చుక్క, రెండో 'రవి' ఊడిపోతాయి, సంక్లిష్ట వాక్యం ('తిని' లాంటి ముగియని క్రియ చివరి క్రియకు చేరేది) మిగులుతుంది. రెండు పూర్తి వాక్యాలు కలిసే సంయుక్త వాక్యానికి "వాన పడింది కానీ చెరువు నిండలేదు" చాలు. 'మరియు' ముక్క ఇవ్వకండి. ఇస్తే "తిన్నాడు మరియు వెళ్ళాడు" అని అతికించేస్తారు, అది తెలుగు నడక కాదు.

చివరగా చిహ్నాలు తీసేసిన ఆరు వాక్యాల పేరా ఇచ్చి, పెట్టించి, పుస్తకాలు మార్పించండి. పక్కవాళ్ళు ఉన్న చిహ్నాల ప్రకారమే చదవాలి, లేనిచోట ఆగకూడదు.