డిజిటల్ సర్టిఫికెట్ వెరిఫై కావడం లేదా? ముందు టెంప్లేట్ చూడండి

బ్లాక్‌చెయిన్ ఆధారంగా ఇచ్చిన మార్కుల మెమో, డిగ్రీ సర్టిఫికెట్ వెరిఫై కాకపోతే అందరి అనుమానమూ చెయిన్ మీదికే పోతుంది. సరిగ్గా కట్టిన వ్యవస్థలో సాధారణంగా చెయిన్ మీద ఉండేది హ్యాష్ మాత్రమే, అంటే ఫైలు నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి కోడ్; ఫైలులో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టిన బ్లాక్‌సర్ట్స్ అనే సర్టిఫికెట్ ప్రమాణంలో అయితే బ్యాచ్ మొత్తానికీ కలిపి ఒకే మెర్కిల్ రూట్, అంటే అన్ని హ్యాష్‌లనూ కలిపి తీసిన ఒక్క హ్యాష్. అక్కడ చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. టెంప్లేట్‌లో, అంటే సర్టిఫికెట్‌లో ఏ ఫీల్డులు ఎలా ఉండాలో చెప్పే నమూనాలో, మాత్రం బోలెడు ఉంది.

సమస్య: ఇంగ్లిష్ పేర్లన్నీ పాస్. తెలుగు పేర్లలో కొన్నింటికి మాత్రం హ్యాష్ కలవదు.

కారణం: కంటికి కనిపించని అక్షరాలు. 'రాజ్‌కుమార్' అని విడిగా రావాలంటే 'జ్' తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. లేకపోతే 'రాజ్కుమార్' అని ఒత్తు పడుతుంది. డేటాను 'శుభ్రం' చేసే ఏ స్క్రిప్టో దాన్ని తీసేస్తే హ్యాష్ మారిపోతుంది. ఐత్వానిదీ ఇదే తంతు: యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. తెరమీద తేడా తెలియదు. హ్యాష్ తీసే ముందు డేటాను ఒకే తీరుకు తెచ్చే ఆర్‌ఎఫ్‌సీ 8785 పద్ధతి, జేసన్ (సర్టిఫికెట్ డేటాను రాసే ఫార్మాట్) లోని కీల (ఫీల్డు పేర్ల) వరుసను, ఖాళీలను సరిచేస్తుంది గానీ పేరులోని అక్షరాల జోలికి పోదు.

పరిష్కారం: డిజిటల్ సంతకానికి ముందే ప్రతి పేరునూ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరానికి ఒకే యూనికోడ్ రాత ఉండేలా చేసే) రూపంలోకి మార్చాలని టెంప్లేట్ నిబంధనల్లో రాయండి. ఐత్వం గొడవ దానితో తీరుతుంది. నాన్ జాయినర్ మాత్రం ఎన్‌ఎఫ్‌సీకి లొంగదు. అది పేరులో భాగమే కాబట్టి ఉండనివ్వండి. సంతకం చేసిన ఫైలును యథాతథంగా దాచండి, డేటాబేస్ నుంచి మళ్లీ తయారు చేయొద్దు. అసలు ఫైలు ఎవరి దగ్గరా లేకపోతే పాతదాన్ని రద్దు చేసి కొత్తది ఇవ్వడమే దారి.

సమస్య: సంతకం సరిగ్గానే ఉంది, తేదీ దగ్గర తిరస్కరణ.

కారణం: వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ డిజిటల్ సర్టిఫికెట్లకు ఇచ్చిన డేటా మోడల్ 1.1లో ఉన్న 'ఇష్యుయెన్స్ డేట్' 2.0లో 'వ్యాలిడ్ ఫ్రమ్' అయింది. టైమ్‌జోన్ కూడా తప్పనిసరి. మీ టెంప్లేట్‌లో కాంటెక్స్ట్ (ఏ ఫీల్డుకు ఏ అర్థమో చెప్పే జాబితా) కొత్తది, ఫీల్డు పాతది అయి ఉంటుంది.

పరిష్కారం: రెండూ ఒకే వెర్షన్‌వి వాడండి, సమయం చివర +05:30 చేర్చండి. మన అర్ధరాత్రిని యూటీసీలోకి మారిస్తే ముందురోజు 18:30 అవుతుంది. అందుకే పట్టా ప్రదానం చేసిన తేదీని వేరే ఫీల్డులో, సమయం లేకుండా పెట్టడం మేలు.

సమస్య: 'గ్రేడు' మార్చినా సర్టిఫికెట్ పాస్ అవుతోంది!

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఎవరూ ఫిర్యాదు చేయరు.

కారణం: జేసన్-ఎల్‌డీ (ఫీల్డుల అర్థాన్ని కాంటెక్స్ట్‌తో ముడిపెట్టే జేసన్) పద్ధతిలో సంతకం చేస్తే, కాంటెక్స్ట్‌లో నిర్వచించని ఫీల్డును ప్రాసెసర్ చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అంటే సంతకం దానికి వర్తించనే లేదు.

పరిష్కారం: ప్రతి ఫీల్డునూ కాంటెక్స్ట్‌లో నిర్వచించండి. లైబ్రరీలో సేఫ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. నిర్వచనం లేని ఫీల్డు కనిపిస్తే ప్రాసెసింగ్ అక్కడే ఆగిపోతుంది. నమూనా సర్టిఫికెట్‌లో ఒక్కో ఫీల్డునూ మార్చి చూడండి, ప్రతిసారీ ఫెయిల్ కావాలి. ప్రచురించిన కాంటెక్స్ట్‌ను దిద్దొద్దు, కొత్త వెర్షన్‌ను కొత్త చిరునామాలో పెట్టండి.

సమస్య: హైపర్‌లెడ్జర్ ఇండీ అనే గుర్తింపు పత్రాల బ్లాక్‌చెయిన్‌లో స్కీమాకు (ఫీల్డుల జాబితాకు) కొత్త ఫీల్డు చేరదు.

కారణం: లెడ్జర్‌లోకి ఎక్కిన స్కీమా మారదు.

పరిష్కారం: వెర్షన్ పెంచి కొత్త స్కీమా, దానికి కొత్త క్రెడెన్షియల్ డెఫినిషన్ (ఆ స్కీమాతో సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ కీలను నమోదు చేసే రికార్డు) రాయండి. పనిలో పనిగా పుట్టిన తేదీని 20040715లా అంకెల్లోకి మార్చండి. పుట్టినరోజు బయటపెట్టకుండా 18 నిండాయని రుజువు చేయడం పూర్ణాంకాలతోనే కుదురుతుంది.