మన కొట్టు, మన వెబ్‌సైట్ – 5వ పాఠం: ఎస్‌ఈఓ కంపెనీకి పని అప్పగించే ముందు

పోయిన పాఠంలో మన సైట్‌ను సెర్చ్ కన్సోల్‌లో (మన సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం) చేర్చాం. ఈసారి ఎస్‌ఈఓ కంపెనీల, అంటే గూగుల్ వెతుకులాటలో సైట్‌ను పైకి తెచ్చే పని చేసేవాళ్ల, ఫోన్ కాల్ సంగతి. "మీ సైట్‌ను గూగుల్‌లో నంబర్ వన్ చేస్తాం, గ్యారంటీ" అంటూ మీకూ ఒకటో రెండో వచ్చే ఉంటాయి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసి పెట్టింది. కాబట్టి ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయొచ్చు.

కొందరు మాటలతో ఆగరు, చేసి చూపిస్తారు. మీకు బరంపురంలో పట్టుచీరల కొట్టు ఉందనుకోండి. ఏజెంటు మీ కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌లో 'పట్టుచీరల షాపు' అని కొట్టి, "చూశారా సార్, పైకొచ్చేసింది" అంటాడు. రాక ఏం చేస్తుంది? ఇలా కొట్ల కోసం వెతికినప్పుడు గూగుల్ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అదే మాట వైజాగ్‌లో ఉన్న మీ చుట్టాల చేత కొట్టించి చూడండి. ఇంకో ఎత్తు ఉంది: 'ఫోడా అంచు బరంపురం పట్టు జోడా హోల్‌సేల్ రేటు' లాంటి బారెడు మాటకు మొదటి స్థానం తెచ్చి బిల్లు చేతిలో పెడతారు. ఎవరూ వెతకని మాటకు పోటీ ఎక్కడిది? సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి ఆ మాట ఎదురుగా ఇంప్రెషన్లు (మన సైట్ ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క) ఎన్నో చూస్తే సంగతి తేలిపోతుంది.

ఇక్కడిదాకా పోయేది డబ్బే. పైకి రావడానికని వేరే సైట్లలో మన సైట్‌కు లింకులు కొని పెట్టించడం మొదలుపెడితే సైటే పోతుంది. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థకు అదే జరిగింది. దాని కోసం డబ్బిచ్చి పెట్టించిన లింకుల వ్యవహారాన్ని 2011లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. మాకేం తెలియదని ఆ సంస్థ చెప్పుకుంది, ఎస్‌ఈఓ కంపెనీని మాన్పించింది. గూగుల్ మాత్రం సైట్‌నే కిందికి తోసేసింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పు ఇలాంటి లింకుల మీదే గురిపెట్టింది. అంత పెద్ద సంస్థ తట్టుకుంది. పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు అమ్ముకునేవాళ్లకు పండగ సీజన్‌లో అలా జరిగితే ఆ ఏడాది బేరాలు గోవిందా. అందుకే "లింకులు ఎక్కడెక్కడ పెడతారు? లిస్టు ఇస్తారా?" అని ముందే అడగండి. "అది మా సీక్రెట్" అన్నారంటే బేరం అక్కడితో సరి.

దొంగ రివ్యూలు రాయిస్తామన్నా ఒప్పుకోవద్దు. అవి గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ముప్పు తాళాలు వాళ్ల చేతికి పోవడం. డొమైన్, అంటే మీ సైట్ చిరునామా, వాళ్ల పేరు మీద, వాళ్ల ఈమెయిల్‌తో కొన్నారంటే, రేపు మాటా మాటా వచ్చిన రోజున మీ కొట్టు బోర్డు వాళ్ల ఇంట్లో ఉన్నట్టే. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే ఉండాలి.

అభ్యాసం: సెర్చ్ కన్సోల్‌లో సెట్టింగ్స్, అందులో యూజర్స్ అండ్ పర్మిషన్స్ తెరవండి. ఓనర్‌గా మీరొక్కరే ఉండాలి. కంపెనీ వాళ్లకు 'ఫుల్' చాలు, రిపోర్టులు చూడటానికే అయితే 'రిస్ట్రిక్టెడ్' చాలు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో, మ్యాప్స్‌లో మీ కొట్టు వివరాలు చూపే ఖాతా) వాళ్లను మేనేజర్‌గానే చేర్చండి. తర్వాత సెర్చ్ కన్సోల్‌లోనే మాన్యువల్ యాక్షన్స్ పేజీ (నిబంధనలు తప్పిన సైట్‌పై గూగుల్ తీసుకున్న చర్యలు కనిపించే చోటు) తెరిచి, ఈ రోజుకు అక్కడ ఏముందో తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పని మొదలయ్యాక ఏదైనా తేడా వస్తే అది ఎవరి వల్లో చెప్పడానికి అక్కరకొస్తుంది.

వచ్చే పాఠంలో ఒకే సరుకుకు తెలుగులో, ఒడియాలో వేర్వేరు పేజీలు పెట్టడం చూద్దాం.