ప్రోస్టేట్ రేడియేషన్‌కు ముందు స్పేసర్: సరే అనే ముందు చూసుకోవాల్సినవి

ప్రోస్టేట్ గ్రంథికి, దాని వెనకే ఉండే పురీషనాళానికి మధ్య ఎడం చాలా తక్కువ. ఆ సందులోకి సూదితో జెల్ ఎక్కించి సుమారు ఒక సెంటీమీటరు దూరం తెస్తే పేగుకు తగిలే రేడియేషన్ తగ్గుతుంది. ఈ జెల్‌నే స్పేసర్ అంటారు. జెల్ కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. మంచిదే, కానీ అందరికీ అక్కర్లేదు.

☐ అన్నిటికన్నా ముందు ఎంఆర్‌ఐ. గడ్డ ప్రోస్టేట్ దాటి వెనక్కి, పురీషనాళం వైపు పాకిందా అని డాక్టరుగారిని సూటిగా అడగండి. పాకి ఉంటే సాధారణంగా స్పేసర్ వద్దంటారు. క్యాన్సర్ కణాలు రేడియేషన్ పడే చోటు నుంచి పక్కకు జరిగిపోతాయేమోనన్నదే భయం. మిగతావన్నీ మరిచినా ఈ ప్రశ్న మాత్రం మరవకండి.

☐ రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లయితే మరీను.

☐ జ్వరం, మూత్రంలో మంట ఉంటే తగ్గేదాకా వాయిదా.

☐ పెద్దపేగు పూత, ఆ భాగంలో పాత ఆపరేషన్, ఇంతకుముందు రేడియేషన్: సిగ్గుపడి దాచొద్దు.

☐ రేడియేషన్ ఎన్ని రోజులు, ఏ పద్ధతిలో? స్పేసర్ లేకుండా వేసిన ప్లాన్‌లోనే పురీషనాళానికి డోసు తక్కువగా ఉంటే, అదనపు ఖర్చుకు తగిన లాభం ఉందా అని అడగడం మీ హక్కు.

☐ జెల్ పెట్టే డాక్టరుకు ఇందులో అనుభవం ఎంత? పొరపాటున పురీషనాళం గోడలోకి వెళ్తే పుండు పడొచ్చు.

పెట్టాక చలిజ్వరం, తగ్గని నొప్పి, మలంలో రక్తం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.