ఆలివ్ కాయ నల్లబడినా నూనె రాలేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

సమస్య: కాయలు నల్లగా నిగనిగలాడుతున్నాయి, మిల్లులో నూనె మాత్రం అనుకున్నంత పడలేదు.

కారణం: రంగు వేరు, నూనె వేరు. పిందె కట్టాక ముందు టెంక గట్టిపడాలి. ఆ తర్వాతే గుజ్జులో నూనె పట్టడం జోరందుకుంటుంది. ఆకులు పంపే చక్కెరలే అక్కడ నూనెగా మారతాయి. పచ్చిగా ఉన్నన్నాళ్లూ కాయ కూడా కొంత చక్కెరను సొంతంగా తయారు చేసుకుంటుంది. నూనె దాదాపు అంతా గుజ్జులోనే ఉంటుంది, టెంక లోపలి పప్పులో ఉండేది చాలా తక్కువ. నలుపు తెచ్చేది ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. అది ఎప్పుడొస్తుందనేది రకాన్ని బట్టి, కాపును బట్టి మారుతుంది. విరగకాసిన చెట్టుకు కాయలు ఆలస్యంగా నల్లబడతాయి.

పరిష్కారం: రంగు ఒక్కటే చూసి కోత పెట్టకండి. పది రోజులకోసారి, చెట్టుకు అన్ని వైపుల నుంచీ కాయలు కోసి కలిపి ల్యాబ్‌కు పంపండి. నూనె శాతంతో పాటు తేమ శాతం కూడా అడగండి. ఆ రెండోది అడగకపోతే వచ్చే తిప్పలే కింది రెండూ.

సమస్య: వాన పడ్డాక నూనె శాతం పడిపోయింది.

కారణం: నూనె ఎక్కడికీ పోలేదు, కాయ నీళ్లు తాగింది, అంతే. 100 కిలోల కాయల్లో 50 కిలోల నీరు, 20 కిలోల నూనె ఉన్నాయనుకుందాం. ఇంకో 10 కిలోల నీరు చేరితే అదే 20 కిలోల నూనె 110 కిలోల్లో 18 శాతంగా కనిపిస్తుంది. నీరు తీసేసి ఎండు బరువు మీద లెక్కేస్తే అప్పుడూ 40 శాతమే, ఇప్పుడూ 40 శాతమే. దీనికి తిరగబడ్డ మోసం కూడా ఉంది. సీజన్ చివర్లో కాయ వడలి 10 కిలోల నీరు పోతే శాతం 22కి ఎక్కుతుంది. నూనె ఇంకా పడుతోందని సంబరపడి కోత వాయిదా వేస్తే, ఈలోగా రాలిపోయే కాయలే ఎక్కువ.

పరిష్కారం: ఎండు బరువు లెక్కనే నమ్మండి. వరుసగా రెండు మూడు పరీక్షల్లో అది పెరగలేదంటే నూనె పట్టడం అయిపోయినట్టే.

సమస్య: ల్యాబ్‌లో శాతం బాగుంది, మిల్లులో నూనె విడిపోవడం లేదు.

కారణం: మిల్లులో కాయలు నూరగా వచ్చే ముద్దలో తేమ ఎక్కువైతే నూనె బొట్లు నీటితో కలిసిపోయి మజ్జిగలా అవుతాయి. చాలా నూనె పిప్పితోనే వెళ్లిపోతుంది.

పరిష్కారం: కోతకు ముందు నీటి తడులు తగ్గించండి, వాన వెలిశాక కొన్ని రోజులు ఆగండి. ముద్దను 30 నుంచి 45 నిమిషాలు మెల్లగా కలిపితే బొట్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి. వేడి పెంచితే ఇంకాస్త నూనె వస్తుంది కానీ సువాసన పోతుంది. అందుకే 27 డిగ్రీలు దాటనివ్వకపోవడమే నయం.

సమస్య: నూనె బాగానే వచ్చింది, రుచి చప్పగా ఉంది.

కారణం: కాయ మరీ పండింది. చేదునూ గొంతులో ఘాటునూ ఇచ్చే పాలీఫినాల్స్ కాయ ముదిరేకొద్దీ తగ్గిపోతాయి.

పరిష్కారం: ఈ ఏడాదికి పెద్దగా చేసేదేమీ లేదు, ముందుగా కోసిన కాయల నూనె ఉంటే కలుపుకోవడమే. వచ్చే ఏడు కాయలు పచ్చ నుంచి ఊదాకు తిరుగుతున్నప్పుడే కోసేయండి. నూనె కొంచెం తగ్గుతుంది, అయినా నేనైతే అదే చేస్తాను.