కొరియాలో ఒక సిటీ జనాభా, వయసు లెక్కలు చదవడం ఎలా? పోహాంగ్‌తో చూద్దాం

సియోల్, బుసాన్ పక్కన పెట్టి మామూలు సైజు సిటీ ఒకటి తీసుకుందాం, తూర్పు తీరంలో ఉన్న పోహాంగ్. విశాఖ స్టీల్ గొడవల్లో పేపర్లో చూశాం కదా పోస్కో అని, దాని సొంతూరు ఇదే, 1968లో ఆ కంపెనీ పెట్టాకే చేపల ఊరు కాస్తా పెద్ద సిటీ అయింది.

ముందు ఏ నంబర్ తీసుకోవాలో తేల్చుకోండి, ఎందుకంటే ఒక్కో సైట్‌లో ఒక్కో అంకె కనిపిస్తుంది. ఒకటి హోంశాఖ వాళ్లు ప్రతి నెలా ఇచ్చే రిజిస్ట్రేషన్ జనాభా, అందులో కొరియన్లు మాత్రమే ఉంటారు, అక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీకి వెళ్లిన మనవాళ్లు లెక్కలోకి రారు. రెండోది సెన్సస్, నవంబర్ 1 నాటి లెక్క, ఇందులో మూడు నెలలు దాటి ఉండే విదేశీయులు కూడా కలుస్తారు. రెండింటినీ కలిపి గ్రాఫ్ గీశారంటే మాత్రం లెక్క తప్పిపోయినట్టే. 2022లో పోహాంగ్ 5 లక్షల కిందికి పడిపోయిందని వార్తలొచ్చింది మొదటి లెక్క ప్రకారం.

ఇప్పుడు హోంశాఖ సైట్‌లో సిటీ సెలెక్ట్ చేసి, ఐదేళ్ల గ్రూపులు, ఆడా మగా విడివిడిగా పెట్టి ఎక్సెల్ దించుకోండి, కొరియన్ రాకపోయినా బ్రౌజర్ ట్రాన్స్‌లేట్‌తో పనైపోద్ది. సరిగ్గా ఐదేళ్ల కిందటి అదే నెలది కూడా దించండి. అసలు విషయం ఇక్కడే ఉంది, అప్పటి 20-24 వాళ్లని ఇప్పటి 25-29 వాళ్లతో పోల్చాలి, ఎందుకంటే వాళ్లే వీళ్లు. ఆ వయసులో చనిపోయేవాళ్లు చాలా తక్కువ కాబట్టి తగ్గినవాళ్లంతా దాదాపు ఊరు వదిలి వెళ్లినవాళ్లే. చాలామంది ఇప్పటి 25-29ని అప్పటి 25-29తోనే పోలుస్తారు, అలా చేస్తే పుట్టుకలు తగ్గడం వేరు, వలస వేరు అని తెలీదు, రెండూ కలిసిపోతాయి. ఇంకోటి, మిలిటరీకి వెళ్లిన కుర్రాళ్లు, హాస్టల్ పిల్లలు చాలామంది అడ్రస్ ఇంటి దగ్గరే ఉంచేస్తారు, అందుకని 20-24 దగ్గర అంకె కొంచెం మోసం చేస్తుంది, ఉద్యోగాల వయసు 25-34 మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోండి.

ముసలివాళ్ల వైపు 1955-63 మధ్య పుట్టిన బేబీ బూమ్ బ్యాచ్‌ని వెతకండి, ఏటా వాళ్లలో ఒక వరస 65 దాటుతోంది. దేశం మొత్తం మీద 65 దాటినవాళ్లు 2024 డిసెంబర్‌కి 20 శాతం అయ్యారు, మీ సిటీ ఆ గీతకి పైనా కిందా అనేది చూసుకోండి. కింద పిల్లల గ్రూపులు సన్నగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, 2023లో దేశం ఫెర్టిలిటీ రేటే (ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లల లెక్క) 0.72, అది ఒక్క ఊరి సమస్య కాదు.

సిటీ మొత్తానికి ఒకే శాతం చూసి ఆగిపోతే మాత్రం ఏం తెలీదు. 1995లో చుట్టూ ఉన్న యోంగిల్ కౌంటీని పోహాంగ్‌లో కలిపేశారు, అందుకే 'సిటీ' అన్న పేరు కిందే కొండల్లో ఉన్న జుక్‌జాంగ్ పల్లెలు, గుర్యోంగ్‌పో చేపల రేవు, ఫ్యాక్టరీ దగ్గరి అపార్ట్‌మెంట్లు అన్నీ ఉన్నాయి. సైట్‌లో ఉప్, మ్యన్, దోంగ్ అని చిన్న యూనిట్లు ఉంటాయి (దోంగ్ అంటే టౌన్ వార్డు, మిగతా రెండూ పల్లె వైపు), వాటిని తెరిచి చూడండి.

ప్రతి యూనిట్‌కీ 20-39 ఏళ్ల ఆడవాళ్లని 65 దాటిన అందరితో భాగించండి, కొరియాలో ఊళ్లు ఖాళీ అయ్యే ప్రమాదాన్ని కొలిచేది దీంతోనే. ఉదాహరణకి 400ని 1600తో భాగిస్తే 0.25 వస్తుంది, 0.5 కిందుంటే ప్రమాదం, 0.2 కిందకెళ్తే చాలా సీరియస్. ఇందులో కొంత అన్యాయం కూడా ఉంది, ఆడవాళ్లు ఉంటే చాలు పిల్లలు పుట్టేస్తారన్నట్టు ఉంటుంది లెక్క. అందుకే పక్కనే అదే వయసు మగాళ్ల కాలమ్ కూడా పెట్టుకోండి, స్టీల్ ఊళ్లో మగాళ్లకి పని దొరికి చదువుకున్న ఆడపిల్లలు సియోల్ వైపు వెళ్తున్నారా అనేది ఆ రెండు కాలమ్‌ల తేడాలోనే దొరుకుతుంది.